తప్పుల మాస్టారు

మాస్టారి ముందు తప్పు మాట్లాడి చెవి దక్కించుకున్నవాడు లేడు. జీవితమంతా బడిలో మన భాష చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో ఖాళీగా కూర్చోలేక పాలవాడి మాటలు దిద్దడం మొదలుపెడితే, వాడు ఆ గుమ్మం తొక్కడమే మానేశాడు. "మీరెక్కడైనా ఉద్యోగం చూసుకోండి, నాకు పాలు కావాలి" అంది భార్య.

అలా వెళ్లి పడ్డారు ఒక అంతర్జాతీయ కాలేజీలో. యూనివర్సిటీకి ముందు రెండేళ్ల చదువు. చురుకైన పిల్లల్ని ఏరి మరీ చేర్చుకుంటారు. ప్రశ్నపత్రాలు విదేశాల నుంచి వస్తాయి, దిద్దేదీ అక్కడే. సైన్సు, లెక్కలు, పెద్ద వ్యాసం, సమాజసేవ, వీటన్నిటితోపాటు బొత్తిగా రాని భాష ఒకటి మొదటినుంచి నేర్చుకోవాలి. పిల్లలకు ప్రపంచం తెలియాలని పెట్టిన నియమం. మన తెలివైన పిల్లలు, వాళ్లను కన్న అంతకంటే తెలివైనవాళ్లు, ఆ కొత్త భాష కింద మన భాషే రాశారు. ఇంట్లో పొద్దస్తమానం మాట్లాడే భాష తమకు ముక్క రాదని సంతకాలు పెట్టారు. సిగ్గుకు మార్కులు లేవు కదా.

మొదటిరోజు మాస్టారు క్లాసులో అడుగుపెట్టేసరికి పిల్లలు మన భాషలో గలగలా మాట్లాడుకుంటున్నారు. ఆయన మురిసిపోయారు. సాయంత్రం కోఆర్డినేటర్ మేడం పిలిచింది.

"పిల్లలు మరీ బాగా మాట్లాడేస్తున్నారు మాస్టారూ. చివర్లో నోటి పరీక్ష రికార్డు చేసి పంపాలి. అవతలివాళ్లకి అనుమానం వస్తే అందరి కొంపా మునుగుతుంది. కాస్త తప్పులు నేర్పండి."

"తప్పులా?"

"కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసేవి. మీకు తెలియని తప్పులుంటాయా."

అప్పుడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు. కుర్చీ మెత్తగా ఉంది, గది చల్లగా ఉంది. చెవులు మెలిపెట్టిన ఆ పెద్దమనిషి నాలుకను చల్లగాలికి అమ్ముకున్నాడు.

ఇక చూడాలి ఆ క్లాసు. "అమ్మ వచ్చాడు. తలుపు తీశాడు. చెప్పండి." పిల్లలు ఒక్క గొంతుతో చెప్పేవారు. ఒక అమ్మాయికి మాత్రం నోరు తిరిగేది కాదు. నాయనమ్మ చేతిలో పెరిగిన పిల్ల, మాట తప్పుగా రమ్మన్నా వచ్చేది కాదు. ఆ అమ్మాయి పేజీ చూసి మాస్టారు తల పట్టుకునేవారు.

"ఇందులో ఒక్క తప్పూ లేదు. ఇలాగైతే ఎలా పాసవుతావు తల్లీ? మళ్లీ రాసుకురా."

రెండేళ్లకు పిల్లలకు తప్పులు అబ్బాయి. వాళ్లకంటే ముందు మాస్టారికి అబ్బాయి. ఒకరోజు భోజనం దగ్గర "కూర బాగున్నాడు" అన్నారు. భార్య పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "ఎవరండీ ఆయన, నాకూ చూపించండి" అంది. తానన్నది తప్పని ఆవిడ నవ్వేదాకా మాస్టారికి తెలియలేదు. భయం వేసింది. ఉన్న ఒక్క ఆస్తీ నోట్లోంచి జారిపోతుంటే వెయ్యదా మరి.

నోటి పరీక్ష రోజు వచ్చింది. ప్రశ్నలడిగేది మాస్టారే. రికార్డు చేసే యంత్రం ఒకసారి మొదలైతే ఆపకూడదు, చెరపకూడదు. ఎదురుగా కూర్చున్న ఆ అమ్మాయి బట్టీపట్టిన తప్పులు పొల్లుపోకుండా అప్పజెబుతోంది. "నా ఇల్లు పెద్దవాడు. నాయనమ్మ వంట చేస్తాడు." మాస్టారు తృప్తిగా తల ఊపి తర్వాతి ప్రశ్న వేశారు.

"మీ నాయనమ్మ ఎప్పుడు నిద్ర లేస్తాడు?"

అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఏమీ ఎరగనట్టు జవాబు కోసం చూస్తున్నారు. నిజంగానే ఎరగరు.

"లేస్తాడు కాదు మాస్టారూ, లేస్తుంది. ఇంక నా వల్ల కాదు. మా నాయనమ్మ వింటే మనిద్దరికీ చీవాట్లు పెడుతుంది. కోడి కూయకముందే లేచి ఇల్లంతా చక్కబెట్టుకునే మనిషిని పట్టుకుని లేస్తాడేంటండీ."

యంత్రం మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

ఫలితాలు వచ్చేదాకా కాలేజీ గుండెలు చిక్కబట్టుకుని కూర్చుంది. అమ్మాయికి పూర్తి మార్కులు. ఇంత తక్కువ కాలంలో భాష ఇంతగా పట్టుబడడం అపూర్వమని విదేశాలవాళ్లు పొగిడారు. దాని కిందే ఇంకో మాట రాశారు: బోధించే వ్యక్తికి ఈ భాషలో ప్రాథమిక జ్ఞానం లేదు, ప్రారంభకుల తరగతిలో చేర్పించగలరు.

మేడం మొహం వెలిగిపోయింది. "గండం గడిచింది మాస్టారూ. మీ ఉద్యోగానికి ఢోకా లేదు. ప్రారంభకుల తరగతి అంటే మీదేగా, పేరుకి మీ క్లాసులోనే మీ పేరూ రాసేద్దాం."

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఏమైంది? ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ఉన్నాడు" అన్నారు మాస్టారు.

ఆవిడ నవ్వబోయింది. ఆయన మొహంలో వేళాకోళమేమీ లేదు.