మడిచినవాడే దూకాలి

నేను సెలెక్టయ్యాను. సైన్యంలో పారాచూట్లు మడిచే దళంలో కొలువు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, మొదటి సర్కారు ఉద్యోగమూ నాదే.

ఆగ్రాలో పరీక్షలు ముగించుకుని సిరిసిల్లకు వస్తుంటే రైల్లోనే మెసేజ్ వచ్చింది. సాయంత్రంలోగా ఒప్పుకుంటున్నట్టు జవాబు పంపాలి. ఎదురు సీటులో కోరుట్ల పెద్దాయన ఉన్నాడు. అప్పటిదాకా ఫోన్లో ఉర్దూ మాట్లాడినవాడు, నా కొలువు సంగతి, నాన్న మరమగ్గాల మీద నేస్తాడన్న సంగతి వినగానే మన తెలుగులోకి దిగాడు. ఆయనా అదే దళంలో చేసి రిటైరయ్యాడట.

"మా ఉస్తాదులు పట్టుగుడ్డ మడిచిండ్రు, మేం నైలాన్ మడిచినం. రూల్ మాత్రం మారలే బేటా. మడిచి కార్డు మీద సంతకం పెడ్తవు. ఆఫీసరొచ్చి కుప్పలకెల్లి ఒకటి తీసి, గీ సంతకం ఎవలిది, ఇది కట్టుకొని దూకు అంటడు."

"మడిచినోడు సుత దూకాల్నా చాచా?"

"మరి? భరోసా అంటే నోటితోని చెప్పుడా?"

రెండో అంతస్తు నుంచి కిందికి చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి. వేలు ఫోన్ మీదే ఆగిపోయింది.

"ఎప్పుడన్న తెర్సుకోకపోతే?"

"నేను బతికే ఉన్న గద. అంటే మంచిగ మడిచినట్టే. సాంచాల మీద బట్ట నేసెటోని కొడుకువు, గుడ్డకు భయపడ్తవా?"

జవాబు పంపేశాను.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: జగిత్యాల కాలేజీ సారు, ధర్మపురి మేనమామ, పెగడపల్లి అక్క, నాన్న, చివరికి అమ్మ. అమ్మకు ఇప్పుడు కొలువు సంగతి చెప్తాను. దూకే సంగతి నేల మీద దిగాక చెప్తాను.