మంచం దింపిన దాలయ్య

ఇసకపాలెంలో పెళ్ళంటే గడపగడపకీ పిలుపే. ఆడవాళ్ళు నలుగురు కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరితే, మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా బొట్టు పెట్టుకుంటూ పోవాల్సిందే. నిన్న వల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళనైనా సరే పిలుస్తారు. ఒక్క దాలయ్య ఇంటి ముందుకొచ్చేసరికి మాత్రం ఆ నలుగురూ ఏదో మాట్లాడుకుంటూ, కొంగులు సర్దుకుంటూ, పక్కింట్లోకి నడిచిపోయేవారు. 1943 నుంచి 1947 దాకా ఆ ఊళ్ళో పదకొండు పెళ్ళిళ్ళయ్యాయి. పదకొండుసార్లూ అదే వరస.

పెళ్ళికి పిలవని ఆ ఊరే, ప్రాణం మీదికొస్తే పరుగెత్తుకొచ్చి తట్టేది దాలయ్య తలుపు. పాము కరిచినా, కాన్పు అడ్డం తిరిగినా, నావ కింద పడి ఎముక విరిగినా, "దాలయ్యో, మంచం ఎత్తాల, బేగి రా!" అనే కేక. విజయనగరం ఆసుపత్రి పన్నెండు మైళ్ళు. మొదటి నాలుగు మైళ్ళూ ఇసక, తాటితోపులు, జీడితోటలు. బండిలో వేస్తే చక్రం గోతిలో పడ్డప్పుడల్లా విరిగిన ఎముక ఇంకోచోట విరుగుతుంది. కాబట్టి మంచమే గతి. మంచం కింద రెండు వెదుళ్ళు కట్టి, నలుగురు భుజాన వేసుకుని నడవాలి. ఆ పని తెలిసి చెయ్యగలవాడు ఆ తీరాన దాలయ్య ఒక్కడే.

అతను ఆ పని బర్మాలో, రంగంలో నేర్చుకున్నాడు, అదే రంగూన్. పద్దెనిమిదో ఏట ఓడెక్కి వెళ్ళి, రంగం రేవులో బియ్యం బస్తాలు మోశాడు. నలభై ఒకటి డిసెంబరులో జపాను విమానాలు ఆ పట్నం మీద బాంబులు వేసినప్పుడు, కూలీల్లో కండ ఉన్నవాళ్ళని ఏరి గాయపడ్డవాళ్ళని మోసే దళంలో వేశారు. ఒక పంజాబీ హవల్దారు అరిచి, తిట్టి, తర్ఫీదు ఇచ్చాడు. నలుగురూ ఒక్క మాట మీద ఎత్తాలి. ఎత్తాక మాత్రం నలుగురి అడుగులూ కలవకూడదు. పల్లకీ బోయీల్లా ఒకే అడుగు వేస్తే మంచం ఉయ్యాలలా ఊగి గాయం కదులుతుంది. రక్తం ఆగడానికి బిగించిన కట్టుని పావుగంటకోసారి వదులుచేసి మళ్ళీ బిగించాలి. అందుకు మంచం నేలకు దింపాలి. దింపినప్పుడల్లా మనిషిని పేరుపెట్టి పిలవాలి. పలికితే ఒక లెక్క, పలక్కపోతే ఇంకో లెక్క.

రంగం ఖాళీ అయ్యాక కొండలూ అడవులూ పడి నడిచి, బొమికల గూడై ఇల్లు చేరాడు. వెంట తెచ్చుకున్నది ఈ విద్య ఒక్కటే. అదే అతని కొంప ముంచింది.

మన వైపు శవాన్ని మోసుకెళ్ళేటప్పుడు దారిలో ఒకచోట పాడె దింపుతారు. అయినవాళ్ళు చెవి దగ్గర నోరుపెట్టి మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. ప్రాణం ఇంకా ఉందేమోనని ఆఖరి ఆశ. దింపుడు కళ్ళం అంటారు దాన్ని. అందుకని ఇసకపాలెంలో రోగిని మోసే మంచం ఆసుపత్రి గుమ్మందాకా నేల తాకకూడదు. దింపి పేరు పిలిస్తే, బతికున్నవాడికి చావు ముహూర్తం పెట్టినట్టేనని వాళ్ళ నమ్మకం.

దాలయ్య మొదటిసారి మోసింది కులపెద్ద గంగులుకి సొంత అన్నని. కడుపునొప్పి. మూడు రోజులు పసర్లు తాగించి, నాలుగో రోజు మంచం ఎక్కించారు. తాటితోపు దాటాక దాలయ్య మంచం దింపి పిలిచాడు. ఆయన పలికాడు కూడా. ఇంకో మైలు నడిచాక ప్రాణం పోయింది. మూడు రోజుల ఆలస్యం ఎవరికీ గుర్తులేదు, మంచం దింపడం మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. ఆనాటి నుంచి అతను 'దింపుడు దాలయ్య'. తెల్లారి చేపలవేటకు పోయేవాళ్ళు అతను ఎదురొస్తే వెనక్కి వెళ్ళి కాసేపు కూర్చుని లేచేవారు. రంగంలో చూసినట్టు రెండు వెదుళ్ళకు గోనెసంచులు తొడిగి మోత పక్క ఒకటి తయారుచేస్తే, "పాడె కట్టి ఇంట్లో ఎట్టుకున్నాడ్రా ఈడు" అన్నారు. దాన్ని దూలానికి వేలాడదీసి ఊరుకున్నాడు.

ఆ తరవాత ఎవరిని మోయడానికి పిలిచినా గంగులు షరతు ఒకటే. "మొయ్యి గానీ దింపకు."

దాలయ్య మారుమాట్లాడలేదు. ఊళ్ళో బతకాలి, నలుగురితో కలిసి వల లాగాలి. నాలుగేళ్ళలో తొమ్మిదిమందిని నేల తాకకుండా మోశాడు. ముగ్గురు దారిలోనే పోయారు. అందులో ఆఖరుది కూర్మమ్మ. ఇరవై ఏళ్ళ పిల్ల, కాన్పయ్యాక రక్తం ఆగలేదు. "మావా, గుక్కెడు నీళ్ళు" అని తోపుల వెంట అడుగుతూనే ఉంది. నడిచే మంచం మీద నోట్లో నీళ్ళు పోస్తే పొలమారుతుంది. దింపాలి. దింపలేదు. రోడ్డెక్కేసరికి అడగడం మానేసింది. కునుకు పట్టిందనుకున్నారు. ఆసుపత్రి గుమ్మంలో దుప్పటి తీసి చూసిన కంపౌండరు, "ఈమె పోయి గంట దాటింది. ఇంతసేపూ శవాన్ని మోసుకొచ్చారయ్యా" అన్నాడు.

ఆనాటి నుంచి దాలయ్యకు కూడు సయించలేదు. అతని పెళ్ళాం లక్ష్మణమ్మ మూడు రోజులు చూసి, నాలుగో రోజు గిన్నె ముందు పెట్టి అతన్ని దులిపేసింది.

"పెళ్ళిళ్ళకి పిలవకపోతే పోనీలే, నానేటైనా అన్నానా? నివ్వు నోరు మూసుకున్నావు, ఆ పిల్ల నోరు ఎండిపోనాది. ఇంకెప్పుడైనా దింపకుండా మోసినావంటే ఈ గుమ్మం ఎక్కకు."

దాలయ్య తల వంచుకుని తిన్నాడు.

1947 కార్తీకమాసం. పొద్దున్నే వేట నుంచి వస్తున్న నావ ఒడ్డు దగ్గర కెరటానికి అడ్డం తిరిగింది. గంగులు ఒక్కగానొక్క కొడుకు నూకయ్య కాలు నావకీ, నావని ఒడ్డుకి దొర్లించే దుంగకీ మధ్య నలిగింది. ఎముక విరిగి, లంగరు కొక్కెం పిక్కలో దిగి చీరేసింది. కారుతున్న రక్తాన్ని కారినట్టే ఇసక తాగేస్తోంది. దాలయ్య పరుగెత్తుకొచ్చి, మోకాలి పైన నూలుతాడు చుట్టి, పుల్ల దూర్చి మెలితిప్పాడు. రక్తం ఆగింది. మంచం మీద గోనెలు పరిచి పడుకోబెట్టారు. దాలయ్య, అతని తమ్ముడు సూరయ్య, ఇంకో నలుగురు భుజాలు మార్చుకోవడానికి సిద్ధమయ్యారు.

గంగులు వెదురు పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. "ఒరే దాలిగా, మా అన్నని సంపినావు. ఈడు నా ఒక్క కొడుకు. దింపినావంటే నీ నడుం ఇరగ్గొడతాను."

"దింపుతాను బావా" అన్నాడు దాలయ్య. "అరసుట్టకోసారి దింపుతాను. పేరెట్టి పిలుస్తాను. ఒప్పుకుంటే ఎత్తుతాను. లేదంటే నివ్వే ఎత్తుకో."

ఒడ్డున ఉన్న జనం నోళ్ళు తెరిచారు. నాలుగేళ్ళలో అతను ఎదురుచెప్పడం అదే మొదలు.

మంచం మీంచి నూకయ్య పళ్ళు బిగపట్టి అన్నాడు. "అయ్యా, నీ పెద్దరికం నాను సచ్చాక సేసుకుందువు. ఎత్తు మావా."

ఎత్తారు. గడియారం లేనివాడికి చుట్టే గడియారం. మన తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట సముద్రగాలికి ఆరదు, బూడిద రోగి మీద రాలదు. అర చుట్ట కాలిందంటే సుమారు పావుగంట. దాలయ్య చుట్టల్ని సగానికి తుంచి రొంటిన దోపుకున్నాడు.

మొదటి ముక్క అయిపోగానే మంచం దింపాడు. పుల్ల వదిలి, పాదం రంగు చూసి, మళ్ళీ మెలితిప్పి, చెవి దగ్గర పిలిచాడు. "నూకయ్యా!"

గంగులు చెవులు మూసుకున్నాడు.

"ఏటి మావా, పక్కనే ఉన్నాను గదా! ఏటికి అవతలోణ్ణి పిలిసినట్టు అరుస్తావేటి?"

సూరయ్యకు నవ్వొచ్చింది. రెండోసారి పిలిస్తే, "లేను. సంతకెళ్ళినాను" అన్నాడు. జీడితోట దగ్గర దింపినప్పుడు పుల్లలేరుకుంటున్న ముసలమ్మ ఒకతె, నేల మీద మంచాన్నీ చుట్టూ మగాళ్ళనీ చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, ఎవులోలమ్మా పోనారు?" నూకయ్య మంచం మీంచి చెయ్యెత్తి, "నానింకా పోలేదే ముసిలీ!" అన్నాడు. ఆమె పుల్లలు పారేసి పరుగెత్తింది. గంగులు ముఖం కూడా కొంచెం వదులైంది.

రోడ్డెక్కారు. విజయనగరం వైపు పోయే, బొగ్గుతో నడిచే బస్సు ఒకటి పొగ కక్కుకుంటూ వచ్చింది. గంగులు రోడ్డుకి అడ్డంపడి చేతులు జోడించాడు. డ్రైవరు గోనెల మీద రక్తం చూశాడు. "సీట్లు పాడైపోతాయి" అని పక్కనుంచి కోసుకుని పోయాడు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు మెడలు తిప్పి చూశారు. వాళ్ళలో ఒక్కరూ బస్సు ఆపమనలేదు. మంచం నడిచింది.

బస్సు పోయాక రెండో దింపులో దాలయ్య పిలిచాడు. "నూకయ్యా!"

పలుకు లేదు.

"ఒరే నూకయ్యా!"

లేదు. మూడోసారి పిలవబోతుంటే గంగులు అతని భుజం పట్టి లాగాడు. "పిలవకు! మూడోది పిలవకురా! అయిపోనాది, నా కొంప అయిపోనాది" అని రోడ్డు మీద కూలబడ్డాడు. మోసేవాళ్ళు తలపాగాలు తీశారు.

దాలయ్య తీయలేదు. దుప్పటి లాగి గోనె కింద చెయ్యి పెట్టాడు. వెచ్చగా తగిలింది. నెత్తురుకు నానిన తాడు సాగి, పుల్ల జారిపోయింది. మందపాటి గోనెలు కాబట్టి చుక్క కింద పడలేదు. మోసేవాళ్ళకి తెలిసే దారే లేదు. తన తలపాగా చింపి మళ్ళీ బిగించాడు. "సూరిగా, కాళ్ళకాడికి రా. పొడుగోళ్ళిద్దరూ కాళ్ళకాడ, పొట్టోళ్ళు తలకాడ. కాళ్ళు ఎత్తుమీదుండాల." మంచం కాళ్ళవైపు మైలురాయి మీదికి ఎత్తి పెట్టించి, బుగ్గ మీద తట్టి మూడోసారి పిలిచాడు.

నూకయ్య పెదవి కదిలింది. "నీళ్ళు."

దాలయ్య తలపాగా ముక్క తడిపి పెదాలు తుడిచాడు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు తుడిచాడు. 

పొద్దు వాలకముందే ఆసుపత్రి చేరారు. "కట్టు వేసి ఎంతసేపైంది?" అని డాక్టరు అడిగాడు.

"పద్దెనిమిది అరసుట్టలు బాబూ. ఆఖరుసారి వదిలింది ఈ ముక్క ఎలిగించినప్పుడు" అంటూ దాలయ్య నోట్లోంచి చుట్ట తీసి చూపించాడు. కంపౌండరు నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. వేళ్ళ మీద లెక్కకట్టి కాగితం మీద రాసుకున్నాడు. లోపలికి పోతూ గంగులుతో, "దారిలో దింపి చూడకపోతే మీరు తెచ్చేది శవాన్ని" అన్నాడు.

మోకాలి కిందికి కాలు తీసేశారు. ప్రాణం నిలిచింది.

మాఘమాసంలో నూకయ్య చెల్లెలి పెళ్ళి. భరిణె పట్టుకున్న నలుగురూ ఈసారి దాలయ్య ఇంటి ముందు ఆగారు. లక్ష్మణమ్మకు బొట్టు పెట్టారు. వాళ్ళు అటు వెళ్ళగానే గంగులు వచ్చి, గుమ్మం బయటే నిలబడి, గోడకేసి చూస్తూ అన్నాడు. "ఒరే దాలీ, బోజనాలేళకి రా. తాళి కట్టినప్పుడు మటుకు... ముసిలోళ్ళు ఏదో అంటన్నారు."

 లోపల్నుంచి లక్ష్మణమ్మ అంది. "మా ఇంట కూడు ఉన్నాది గంగులన్నా. కూటికోసం పిలవొద్దు."

పెళ్ళినాడు ముహూర్తం దగ్గరపడుతుంటే, కర్ర పొడుచుకుంటూ నూకయ్య వచ్చి దాలయ్య అరుగు మీద కూలబడ్డాడు. కొత్తపంచె కట్టుకున్నాడు.

"తాళి ఏళైతే ఇక్కడికొచ్చినావేట్రా?"

"ఒంటికాలోడు ఎదురుండకూడదంట మావా. మాయమ్మే సెప్పినాది. పిల్ల మంచికేనంట."

సన్నాయి వినిపిస్తోంది. దాలయ్య చుట్ట తుంచి సగం అతనికిచ్చాడు. "ఇది కాలేసరికి తాళి పడిపోద్ది. అప్పుడెల్దువు."

"నానెల్లను" అన్నాడు నూకయ్య. నిప్పు నోట్లో పెట్టుకుని, కర్ర పక్కన పెట్టి, వెనక్కి జారగిలబడ్డాడు.

ఇది చదువుతున్న మీ ఊళ్ళోనూ ఒక దాలయ్య ఉంటాడు. వేరే పేరుతో, వేరే కులంలో ఉంటాడు. మోటారు ఆంబులెన్సు మన ఇసకదారుల్లోకి ఎప్పుడొస్తుందో రానివ్వండి. దానికోసం అర్జీలు పెట్టండి, పెట్టి ఊరుకోకుండా మళ్ళీ పెట్టండి. అంతలోపల రెండు వెదుళ్ళకు రెండు గోనెసంచులు తొడిగి మీ చావడిలో వేలాడదీయండి. పాడె అని ఎవరైనా అంటే అననివ్వండి. రోగిని మోసేటప్పుడు మంచం దింపండి. పేరుపెట్టి పిలవండి, పలుకు వినండి, దుప్పటి కింద చెయ్యిపెట్టి చూడండి. బస్సులో కూర్చుని ఉండగా రోడ్డు మీద మంచం కనిపిస్తే, లేచి బస్సు ఆపించండి. మీ ఇంట్లో ఈ ఏడు పెళ్ళి ఉంటే, ఆ మోసేవాడి ఇంటికి బొట్టు పంపండి. తాళి కట్టే వేళకి రమ్మనండి. అతను రాకపోతే, అక్షింతలు పట్టుకుని మీరే వెళ్ళి తీసుకురండి.