తమ్ముడు ఎంచిన పుస్తకాలు

ఆమె ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా ఆసుపత్రులకు యూనిఫారాలు కుట్టి పంపే ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరూ ఆమెను పంతులమ్మ అనే పిలిచేవారు. పొడవాటి బల్ల మీద బట్టను పొరలు పొరలుగా పరిచి, సుద్ద గీత వెంట, చేతిలో జుయ్యిమని అదిరే కరెంటు కత్తి నడిపించడం ఆమె పని. భోజనాల గంట కొట్టగానే మిగతావాళ్ళు డబ్బాలు విప్పి కోడళ్ళనూ ఇంటి ఓనర్లనూ దులిపేస్తుంటే, ఆమె ఒక చేత్తో తింటూ రెండో చేత్తో పుస్తకం పట్టుకునేది. అందుకే ఆ పేరు. మొదట వెటకారానికి పెట్టిందే. వాడగా వాడగా అందులో వెటకారం అరిగిపోయింది.

చదువు మీద ఆమెకున్నది సరదా కాదు, ఆకలి. ఏడో తరగతిలో ఉండగా తండ్రి మంచం పట్టాడు. ఇద్దరు పిల్లల్లో ఒకరినే చదివించగలనని తల్లి తేల్చేసింది. ఆ ఒక్కరూ ఎవరన్నది ఇంట్లో చర్చకే రాలేదు. ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది, తమ్ముడు బడికి వెళ్ళాడు. వాడు బాగా చదివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరయ్యాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కను కూర్చోబెట్టి, నీకేం కావాలో అడుగు అన్నాడు. ఆమె అడిగింది ఇదీ.

"ఏం చదవాలో నాకు తెలీదురా. ఒకదాని తర్వాత ఒకటి నువ్వే ఇస్తూ ఉండు. ఓపికున్నన్నాళ్ళూ చదువుతా."

తమ్ముడు సరేనన్నాడు. మాట తప్పలేదు కూడా. వచ్చినప్పుడల్లా సంచిలో పుస్తకాలు తెచ్చేవాడు. ముందు ఇది చదువక్కా, ఆ తర్వాత దీని సంగతి చూద్దువుగాని అని వరస కూడా చెప్పేవాడు. తేనెటీగల పెంపకం, సిమెంటు పరిశ్రమ ఎదుర్కొంటున్న సమస్యలు, సహకార సంఘాల నిర్వహణ, నాయకత్వ లక్షణాలు, ఎక్కడిదో ఒక దేశ చరిత్ర రెండో సంపుటం. ఆమె అన్నీ చదివింది. అర్థం కాకపోతే లోపం తనదేననుకుని మళ్ళీ మొదలుపెట్టేది. తేనెటీగల తర్వాత సహకార సంఘాల పుస్తకం ఎందుకిచ్చాడా అని రోజుల తరబడి ఆలోచించి, నలుగురూ కలిసి పనిచేయడం గురించి తనకేదో నేర్పుతున్నాడని పోల్చుకుని మురిసిపోయింది. మొదటి సంపుటం ఇవ్వకపోవడంలోనూ ఏదో ఉద్దేశం ఉండే ఉంటుందనుకుంది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒకసారి మాత్రం అన్నాడు, "నువ్వు చదువుతుంటే నీ మొహం క్యూలో నిలబడ్డవాళ్ళ మొహంలా ఉంటుందే." ఆమెకు కోపమొచ్చింది. చదువంటే ఏమిటో నీకేం తెలుసని గట్టిగానే అంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అలా ముప్పయ్యేళ్ళ పైనే గడిచాయి. ఆ ఫ్యాక్టరీలో రిటైర్మెంటన్న మాట లేదు గనక ఆమె ఇంకా కత్తి పట్టుకునే ఉంది.

తమ్ముడు రిటైరైన రోజున కాలేజీ హాల్లో సభ పెట్టారు. ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. ప్రిన్సిపాల్ పొగిడాడు, శిష్యులు పొగిడారు. చివర తమ్ముడు మైకు అందుకుని, తన చదువు కోసం అక్క బడి మానేసిందని చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. వాడు అక్కడితో ఆపినా బాగుండేది. సభ మరీ బరువెక్కిందనుకున్నాడో ఏమో, నవ్వించబోయాడు.

"పబ్లిషర్లు మా మీద పడేసే శాంపిల్ కాపీలు మీకు తెలియనివి కావు. ఇంట్లో పెడితే మా ఆవిడ ఊరుకోదు, పారేద్దామంటే మనసొప్పదు. అన్నీ మా అక్కకి చేరవేసేవాణ్ణి. ఏదిచ్చినా చదివేస్తుంది మహాతల్లి. సిమెంటు గురించి మీకేమైనా సందేహాలుంటే ఆవిణ్ణి అడగండి."

హాలంతా నవ్వింది. వెనక వరసలవాళ్ళు ఆ మహాతల్లి ఎవరా అని మెడలు చాచి చూశారు. అందరితో పాటు తనూ నవ్విందని ఆమెకు కాసేపటికి గాని తెలియలేదు.

తిరుగు దారిలో తమ్ముడే కారులో దింపాడు. వెనక సీటు నిండా దండలు, జ్ఞాపికలు. ముందు సీట్లో ఆమె.

"మరి ముందు ఇది, తర్వాత అది అని వరస చెప్పేవాడివి కదరా?" అని అడిగింది.

"ఏదో ఒకటి చెప్పాలి కదక్కా."

"రెండో సంపుటం?"

"మొదటిది వాళ్ళు పంపలేదు." అద్దంలోంచి వెనక బండి చూసుకుంటూ తేలిగ్గా అన్నాడు. "నీకు చదవడమంటే ఇష్టం. ఏదైతేనేం?"

ఆమెకు వాడి కూతురు గుర్తొచ్చింది. ఆ పిల్ల హైస్కూల్లో చేరేముందు మేనత్తను కూడా వెంటబెట్టుకుని తమ్ముడు పుస్తకాల షాపులన్నీ తిరిగాడు. ఒక్కో పుస్తకం తెరిచి, అక్కడక్కడా చదివి, ఇది దానికి ఇప్పుడే బరువవుతుంది, ఇది దాని బుర్రకి సరిపోతుంది అని తూకం వేసి మరీ కొన్నాడు. ఆ మధ్యాహ్నమంతా సంచి పట్టుకుని వెనకే నిలబడింది తను. పిల్ల అదృష్టవంతురాలని సంతోషించింది కూడా.

"నీ కూతురికీ ఏదైతేనేం అనే కొన్నావా?"

తమ్ముడు బండి వేగం తగ్గించాడు. ఇల్లొచ్చింది. ఆమె దిగి, తలుపు మెల్లగానే వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె పుస్తకం ముట్టలేదు. భోజనాల వేళ ఖాళీ చేతులతో కూర్చుంటే, గుండీల సెక్షన్‌లో పనిచేసే ఆవిడ పంతులమ్మకి సెలవులిచ్చారా అని వేళాకోళమాడింది. కళ్ళు నొప్పులని తప్పించుకుంది. నిజానికి ఆమెను తినేస్తున్నది అవమానం ఒక్కటే కాదు. అన్ని పుస్తకాలు చదివిందా, తనకు ఏది ఇష్టమో తనకే తెలియదు. ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది?

ఒక సెలవురోజు లైబ్రరీకి వెళ్ళింది. కౌంటరు దగ్గరి అమ్మాయి దేని గురించి కావాలండీ అంది. ఆ మాట ఆమెను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. "మంచివి" అంది ఆమె. అట్ట మీద చెడ్డవని ఎవరూ రాసుకోరు కదండీ అని ఆ అమ్మాయి నవ్వి, బీరువాల మధ్యకు పంపింది. ఆమె ఒకటి తీసి, పెట్టి, ఇంకోటి తీసి, తమ్ముడైతే ఏమనేవాడో అని ఊహించుకుని, ఆ ఊహ మీద అసహ్యం పుట్టి ఉత్త చేతులతో ఇంటికొచ్చింది.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి ఇంకోలా అడిగింది. ఈమధ్య మీకు ఏ విషయంలోనైనా ఇది ఎందుకిలా జరుగుతోందని అనిపించిందా అని. ఆమె ఊరికే కుడిచెయ్యి చాపింది. కొన్నేళ్ళుగా పొద్దున్నే ఆ వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, మొద్దుబారిపోయేవి. వయసు వల్లేననుకుని వదిలేసింది.

అమ్మాయి వైద్యం బీరువాలోంచి రకరకాల పనులవాళ్ళకు వచ్చే జబ్బుల గురించి రాసిన పుస్తకాన్ని తీసిచ్చింది. ఆమె బల్ల దగ్గర కూర్చుని విషయసూచికలో చేతులు అన్నచోట వేలు పెట్టింది. అదిరే యంత్రాలు ఏళ్ళ తరబడి పట్టుకునేవారి వేళ్ళలో నరాలు, రక్తనాళాలు ఎలా దెబ్బతింటాయో అక్కడ వివరంగా ఉంది. ఏ వాక్యమూ రెండోసారి చదవాల్సిన పని పడలేదు. మొదట్లోనే గమనించి, మధ్యమధ్య విరామం తీసుకుని, పని మారితే చాలావరకు ఆగుతుందని ఉంది. ముదిరాక తగ్గడం కష్టమని కూడా ఉంది. మొదటి పేజీకి తిప్పి ఏడాది చూస్తే, అది తను సిమెంటు గురించి చదువుతున్న రోజుల్లోనే అచ్చయింది.

ఆ పేజీ నంబరు రాసుకుని, మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరు కూడా అదే చెప్పాడు. ఆమెను కటింగ్ నుంచి మడతల బల్లకు మార్చారు, జీతం తగ్గింది. కత్తి పట్టిన కొత్త అమ్మాయిలకు ఆమె ఆ పేజీ సంగతి చెబితే ఇద్దరు విన్నారు, మిగతావాళ్ళు పంతులమ్మ మళ్ళీ మొదలెట్టిందిరా బాబూ అన్నారు. సూపర్‌వైజర్ పిలిచి పిల్లల్ని బెదరగొట్టొద్దన్నాడు.

అయినా చదువు మళ్ళీ మొదలైంది. ఇప్పుడు లైబ్రరీకి ఏదో ఒక సందేహంతో వెళ్తోంది. పుస్తకం నచ్చకపోతే మధ్యలోనే మూసేస్తోంది. మొదటిసారి అలా మూసినప్పుడు దొంగతనం చేసినట్టు అటూ ఇటూ చూసింది.

కొన్ని నెలలకు తమ్ముడొచ్చాడు. సంచిలోంచి మూడు కొత్త పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవి శాంపిళ్ళు కావక్కా. నీకోసం వెతికి కొన్నాను."

ఆమె వాటిని చూసింది. వెతికి కొన్నాడని తెలుస్తూనే ఉంది. ఒకటి మనిషి శరీరం గురించి. ఆమె చేతి సంగతి ఎవరో చెప్పి ఉంటారు.

"మంచి పుస్తకాల్లానే ఉన్నాయిరా. నువ్వు చదువుకో."

"ఇంకా కోపమేనా?"

"కోపం కాదు. నీ చేతి మీదుగా ఏదొచ్చినా, ఇది నాకెందుకిస్తున్నాడా అన్న ఆలోచనతోనే సరిపోతుంది. చదవలేను."

తమ్ముడు మాట మార్చాడు. కాసేపు పిల్లల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు పుస్తకాలు కావాలనే మరిచిపోబోతే, ఆమె వాటిని సంచిలో సర్ది గుమ్మం దగ్గర చేతికిచ్చింది.

తర్వాత్తర్వాత ఆ శరీరం పుస్తకమే ఆమెకు నిజంగా అవసరం పడింది. లైబ్రరీలో ఉన్నది ఒకటే కాపీ, అప్పటికే ఎవరో తీసుకెళ్ళారు. తమ్ముణ్ణి అడిగితే ఆ సాయంత్రమే తెచ్చిచ్చేవాడు. ఆమె కౌంటరు దగ్గర పేరు రాయించుకుని, రెండు నెలలు ఆగింది.