అబూ హమూర్ సంతలో మేకతోలు

దోహాలో చూడదగ్గవి ఏమిటని అడిగేవారికి నేను అబూ హమూర్ పశువుల సంత పేరు చెబుతాను. తొంభైల మధ్యలో, దోహాలో ఉద్యోగం చేసే రోజుల్లో, నేను అక్కడికి వెళ్ళింది మాత్రం చూడడానికి కాదు. నా భార్య వసుంధర మేకతోలు అడిగింది. ఆమె ఒంగోలులో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పేది. గ్రీకుల పాఠంలో ఏజిస్ అనే మాట వస్తుంది. అది దేవతల రాజు జ్యూస్‌ది, అతని కూతురు ఎథీనా కూడా ధరించేది. ఏ ఆయుధమూ దాటలేని రక్ష. పుస్తకంలో దాన్ని డాలు అన్నారు. ఆమెకు ఆ మాట నచ్చలేదు. "డాలైతే చేత్తో పట్టుకోవాలి. ఇది మేకతోలు, భుజాన వేసుకునేది" అని ఉత్తరం రాసి, కింద బొమ్మ గీసింది. పసివాడైన జ్యూస్‌ను పాలిచ్చి పెంచిన మేక చనిపోతే దాని తోలే అతను కప్పుకున్నాడని ఒక కథ ఉందట. "మీ ఎడారిలో మేకలుంటాయిగా, పిల్లలకు చూపిస్తాను, ఒకటి తెండి" అంది. రెండు ఉత్తరాల్లో అడిగింది. "అందరూ బంగారం తెమ్మంటే నువ్వు తోలు తెమ్మంటున్నావు" అని జవాబు రాశాను. అది ఆమెకు అందిందో లేదో తెలియదు. ఆమెకు జ్వరం వచ్చింది, నాలుగు రోజులే. నేను ఒంగోలు చేరేసరికి అంతా అయిపోయింది.

సంవత్సరీకానికి కంపెనీ సెలవు ఇచ్చింది. విమానం ఆదివారం. మిగిలింది ఒక్క శుక్రవారం. దోహాలో నేనుండే పేట ఉమ్ ఘువైలినాలో మా మేడ కింద ఉండే ఖాజాను అడిగాను. నిజామాబాద్ దగ్గరి మనిషి, ఒక ఇంట్లో డ్రైవరు. శుక్రవారం పొద్దున యజమాని పికప్ వాడుకోనిస్తాడు. పెట్రోలుకు పది రియాళ్ళు చాలన్నాడు. ఐదున్నరకు బయలుదేరి ఇరవై నిమిషాల్లో చేరాం. ఎండ ముదరకముందే, మధ్యాహ్నం నమాజుకు జనం లేచి వెళ్ళకముందే పని చూసుకోవాలి.

"సారూ, మేక కూరకా, బిర్యానీకా?"

"తోలు కావాలి."

"ఉత్త తోలా! డప్పు జేస్తరా ఏంది?"

"మా ఆవిడ బడికి."

"మేడమ్ గిసోంటివి అడుగుతదా? మీ నసీబ్ మంచిది సారూ. మా ఇంటామె టేప్‌రికార్డర్ కంటె తక్కువ అడగదు."

నేను నవ్వాను. అతనికి తెలియదు.

కసాయివాళ్ళ వైపు పచ్చి తోళ్ళే ఉన్నాయి. రక్తం, ఈగలు. విమానంలో తీసుకెళ్ళే వీలు లేదు. గంటసేపు తిరిగాం. చివర, నెయ్యి డబ్బాలు ముందు పెట్టుకుని ముఖానికి ముసుగుతో ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె కింద పరిచి ఉంది: నల్లటి మేకతోలు, బొచ్చుతో, నాలుగు కాళ్ళూ నాలుగు మూలలా వేలాడుతూ. అచ్చం ఉత్తరంలో బొమ్మ.

ఖాజా అరబీలో అడిగాడు. ఆమె చెయ్యి ఊపింది.

"మాఫీ అంటుంది సారూ. లేదంట, అమ్మదంట. ఇంట్ల పరుచుకునేదానికైతే మీ మేడమ్‌ను కొత్తది కొనుక్కోమంటుంది."

"ఖాజా, ఆమె లేదు. చనిపోయి ఏడాది అవుతోంది. అది చెప్పు."

అతను నా వైపు తిరిగాడు. "యా అల్లా" అన్నాడు. ఆమెతో ఏదో చెప్పాడు, గొంతు బాగా తగ్గించి.

ఆమె మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. తోలు తీసి రెండుసార్లు దులిపింది. ఒక పేరు చెప్పింది.

"ఆ మేక పేరంట సారూ. దాని పాలు పోసే ఇద్దరు మనవలను సాదిందంట."

నేను రెండు చేతులూ చాపాను. ఆమె చేతుల్లో పెట్టలేదు. నా ఎడమ భుజం మీద వేసి, కాళ్ళు ముందుకు లాగి సరిచేసింది.

"చేతులల్ల పట్టుకుంటే బొచ్చు నలుగుతదంట. భుజం మీదనే ఏస్కొమ్మంటుంది."

ఉత్తరం సంగతి నేను ఖాజాకు చెప్పి ఉండలేదు.

ఆమె ఇరవై రియాళ్ళు తీసుకుంది. మేడ దగ్గర దిగాక ఖాజాకు పెట్రోలు డబ్బు ఇవ్వబోతే "ఫులూస్ వద్దు సారూ" అన్నాడు.

ఒంగోలులో వసుంధర క్లాసుకే తీసుకెళ్ళాను. పిల్లలు ఒకరి భుజం మీంచి ఒకరి భుజం మీదికి మార్చుకున్నారు. ముందు బెంచీ అమ్మాయి పుస్తకం తెరిచి, "మాస్టారూ, ఇది డాలేనా?" అంది. "కాదు. మీ టీచర్ కాదంది" అన్నాను. ఆ అమ్మాయి పెన్సిల్‌తో ఆ మాట కొట్టేసింది.

తోలు బడిలోనే ఉంచి వచ్చాను. చొక్కా ఎడమ భుజానికి రెండు నల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఆ చొక్కా చాన్నాళ్ళు ఉతకలేదు. ఆ శుక్రవారం సంతలో చలేమీ లేదు, అయినా ఆ తోలు భుజం మీద ఉన్నంతసేపూ వెచ్చదనం హాయిగా అనిపించింది. ఆ సంత ఇరవై నిమిషాల ప్రయాణం. ఆమె మొదటి ఉత్తరం వచ్చిన వారంలోనే వెళ్ళగలిగేవాణ్ణి.

సంత ఇప్పుడు ఎక్కడుందో కనుక్కుని వెళ్ళండి. సలహా ఒక్కటే: ఇంటి నుంచి ఎవరైనా ఏదైనా తెమ్మంటే, రెండోసారి అడిగేదాకా ఆగకండి.