ధర్మవరంలో ముద్ద మింగని పిల్ల

1961 వానాకాలం మొదట్లో నన్ను హిందూపురం నుంచి ధర్మవరానికి హెల్త్ విజిటరుగా బదిలీ చేశారు. హెల్త్ విజిటరంటే డాక్టరుకు కింద, మిడ్‌వైఫులకూ ఆయాలకూ పైన. రోజుకు కొన్ని ఇళ్ళు తిరిగి బాలింతలనూ పసిపిల్లలనూ చూడడం, పిల్లల్ని తూచి కార్డు మీద రాయడం, తల్లులకు తిండి గురించి చెప్పడం నా పని.

నేతగాళ్ళ వీధిలో చౌడప్ప ఇంట్లో ఈశ్వరిని చూశాను. మూడో ఏడు నడుస్తోంది. మాటలొచ్చాయి, పరుగెత్తుతుంది, కానీ పాలూ పలచని రాగిగంజీ తప్ప ఏదీ లోపలికి పోదు. రాగి సంగటి ముద్దలో నలుసు నాలుకకు తగిలితే చాలు, డోకొచ్చి కక్కేస్తుంది. చౌడప్ప తల్లి నాగమ్మ, వీధిలో అందరికీ నాగమ్మవ్వ. ఆమె పద్ధతి ఒకటే: కోడలు పిల్ల చేతులు పట్టుకుంటే తను ముక్కు మూసి ముద్ద తోయడం. గిన్నె చప్పుడైతే ఈశ్వరి మగ్గం గుంటలోకి, తండ్రి కాళ్ళ దగ్గరికి దూరేది.

డాక్టరు గారు గొంతూ అంగిలీ చూసి లోపమేమీ లేదన్నారు. టానిక్ రాశారు. పిల్ల దాన్నీ కక్కింది. దాంతో వచ్చే అమావాస్యకు పొట్ట మీద వాతలు పెట్టిస్తానని అవ్వ తేల్చి చెప్పింది. కాల్చిన కడ్డీతో పెట్టిన వాతలు పుండై, జ్వరంతో మా దగ్గరికి వచ్చిన పిల్లల్ని నేను చూసి ఉన్నాను. పదిహేను రోజులు గడువు అడిగాను.

"పదైదు దినాలే నర్సమ్మా. ఆ పైన నువ్వు అడ్డం రావద్దు" అంది అవ్వ.

మొదటి రోజు నేను చేసింది ఘనకార్యమేమీ కాదు. శిక్షణలో నేర్పినట్టు గంజిలో అన్నం మెదిపి, పాట పాడుతూ చెంచాతో పెట్టబోయాను. నా తెల్ల చీర పాడైంది. "నీకూ అంతే అయిందే" అంటూ అవ్వ నీళ్ళ చెంబు అందించింది. ఆ గొంతులో కొంచెం తృప్తి కూడా ఉంది.

మర్నాడు ఊరికే కూర్చుని చూశాను. తండ్రి నేస్తుంటే ఈశ్వరి పక్కన చేరి, పేక పట్టుదారం చుట్టే వేలెడంత ఖాళీ చెక్క కండె ఒకటి తీసుకుని తీరిగ్గా కొరుకుతోంది. వెనక పళ్ళ దాకా పోనిచ్చి నములుతోంది. డోకు రాలేదు. గట్టివాటికి ఆ నోరు ఒప్పుకుంటోంది. మెత్తగా, జిగటగా ఉన్నదే పడడం లేదు. దీనికొక పేరుంటుందని మాకెవరూ చెప్పలేదు. కళ్ళకు కనబడినదాన్ని పట్టుకుని ముందుకు పోవడమే.

బాగా ఎండేలా కాల్చిన జొన్నరొట్టెను వేలంత ముక్కలు చేయమన్నాను. అందరూ తినేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ముక్క ముందర పెట్టాలి. తినమని ఎవరూ అనకూడదు. పాలూ గంజీ మామూలే.

మూడో రోజు దాకా విసిరేసింది. నాలుగో రోజు నాకింది. ఆరో రోజు కొరికింది. ఎనిమిదో రోజు నేను పోయేసరికి మళ్ళీ మగ్గం గుంటలో ఉంది, రొట్టె ముట్టనంటోంది. పొద్దున అవ్వ సంగటి కుక్కిందని కోడలు లక్ష్మీదేవి తల వంచుకుని చెప్పింది. నేను కటువుగానే మాట్లాడాను.

"నా పెద్దకొడుకు ఇట్లే తినక తినక పోయినాడు నర్సమ్మా. పిల్ల కడుపు ఎండుతాంటే నా చెయ్యి ఊరకుండదు" అంది అవ్వ.

అప్పటిదాకా ఆమెను మొండి మనిషనే అనుకున్నాను. ఆ చేతికి ఏదో ఒక పని కావాలి. పిల్ల ఎదురుగా కూర్చుని అదే రొట్టె తినే పని ఆమెకు అప్పగించాను. నాగమ్మవ్వకు పళ్ళు లేవు, చప్పరించేది.

పదకొండో రోజు ఈశ్వరి తన ముక్క కొంత కొరికి, మిగిలింది అవ్వ నోట్లో పెట్టబోయింది. అవ్వ మొహం తిప్పుకుంది. పిల్ల ఆమె గడ్డం పట్టుకుని, తనకు ఇన్నాళ్ళూ చేసినట్టే, వేళ్ళతో లోపలికి తోసింది.

"ఒద్దు తల్లీ, చిగుళ్ళు కోసుకుపోతాయి, నాకు పోదు" అని అవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది.

మగ్గం ఆగింది. చౌడప్ప నవ్వాపుకోలేకపోయాడు. పిల్ల నవ్వింది. అవ్వ కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగింది. "సంగటి పెడితే దానికీ ఇట్లే ఉంటాదేమో" అంది. అన్ని రోజులుగా నేను చెప్పలేకపోయింది అదే.

వాతల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పదిహేనో రోజుకు తూకం తగ్గలేదు, అంతే. పెరగడం మరుసటి నెలలో మొదలైంది. రొట్టెతో పాటు చెనిక్కాయల పచ్చడి, ఊరుబిండి, అలవాటైంది, దాని తర్వాత పప్పు. ఏడాది తిరిగేలోగా అన్నం తింది. సంగటి మాత్రం నేను ధర్మవరం వదిలేదాకా ముట్టలేదు. ఎవరైనా అడిగితే, "ఉండనీ, దాని నోరు దానిది" అని అవ్వే సర్దిచెప్పేది.

తర్వాత పెనుకొండలో నా కింద చేరిన కొత్త మిడ్‌వైఫులకు ఒక నియమం పెట్టాను. తినని పిల్ల ఇంటికి మొదటిసారి వట్టి చేతులతో పోవాలి. అరగంట కూర్చుని, ఆ పిల్ల తనంతట తాను నోట్లో ఏం పెట్టుకుంటుందో చూసి రాసుకురావాలి. తిండి పెట్టే మనిషికి దేని భయమో అడిగి అదీ రాయాలి. మందు రాసే ముందు డాక్టరు గారు చదవాల్సింది ఎక్కువసార్లు ఆ రెండోదే.