మైకులో మానేసిన ఉద్యోగం

ఉద్యోగం ఎలా మానకూడదో తెలుసుకోవాలంటే నన్నడగండి. రాజీనామా అన్న మాటైనా ఎత్తకుండా, శాలువా కప్పించుకుని మరీ ఉద్యోగం పోగొట్టుకున్న ఘనత నాది.

అప్పట్లో చిలకలూరిపేటలో ఓ పత్తి మిల్లు ఆఫీసులో పనిచేసేదాన్ని. ఏ లారీ వచ్చింది, ఎన్ని బేళ్లు వెళ్లాయి అని పొద్దస్తమానం కంప్యూటర్లో ఎక్కించడమే పని. అది కష్టం కాదు. నేనసలే వాగుడుకాయని. ఆ మిషన్ల మోతలో నేనేం చెప్పినా పక్కసీటుకి కూడా వినపడదు. సాయంత్రానికి జుట్టు నిండా దూది, గొంతు నిండా దిగులు. మా ఆయన ప్రసాద్ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరం పనిచేస్తేనే ఇల్లు గడిచేది. వేరే పని దొరికేదాకా మిల్లు మానే ప్రశ్నే లేదు.

ఇలా ఉండగా మా చర్చికి ఓ బోధకుడుగారు వచ్చారు. "అడిగింది దొరికేసిందని నమ్మి ముందే కృతజ్ఞతలు చెప్పండి" అన్నారు. ఆ మాట నాకు మరీ ఎక్కువగా నచ్చింది. పై ఆదివారం, దేవుడు చేసిన మేలుని అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళకి ఎగబడి మైకు అందుకున్నాను. మైకు చేతికొస్తే నేను మనిషిని కాను.

"దేవునికి స్తోత్రం! ఐగుప్తులాంటి మిల్లులోనుంచి దేవుడు నన్ను విడిపించాడు. ఆ ఉద్యోగం మానేశాను. నోరారా మాట్లాడుకునే పనిచ్చాడు!"

సంఘమంతా "హల్లెలూయ" అంది.

"ఎప్పుడు మానేశావే?" అన్నాడు ప్రసాద్ బయటికొచ్చాక.

"మానలేదండీ. విశ్వాసంతో చెప్పాను."

"చర్చి పైన లౌడ్‌స్పీకర్ హారన్ పెట్టారు, చూశావా? మీ మేనేజరుగారిల్లు వెనకవీధే. ఆయన కూడా విశ్వాసంతోనే విని ఉంటాడు."

"ఆదివారం పూట ఆయన లేస్తేగా!" అని కొట్టిపారేశాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, నేను సోమలింగానికి పేరు పెట్టి ఊరుకోలేదు, ఊరందరికీ వినిపించాను కూడా.

సోమవారం మిల్లుకెళ్తే నా కుర్చీలో ఎవరో అమ్మాయి. నా బల్ల మీద పూలదండ. ఒక్క క్షణం నేను పోయానేమో అని అనుమానమొచ్చింది.

"చెప్పకుండానే వెళ్లిపోదామనుకున్నావామ్మా?" అన్నారు మేనేజరు రామారావుగారు. "నా చెవులారా విన్నాను. పనాగకూడదని మా తమ్ముడి కూతుర్ని పిలిపించేశా."

"అది కాదండీ, నేను..."

"మొహమాటమెందుకు? అవునూ, మన మిల్లుని ఐగుప్తన్నావు. అంటే ఏంటమ్మా?"

"చాలా పెద్ద రాజ్యమండీ" అన్నాను. బైబిల్లో అది బానిసలతో వెట్టిచాకిరీ చేయించిన దేశమని మాత్రం చెప్పలేదు.

ఆయన మురిసిపోయారు. ఓనరుగారూ ఆయన భార్యా వచ్చారు. నాకోసం మిషన్లు ఆపించారు. శాలువా కప్పి "రెండు ముక్కలు మాట్లాడమ్మా" అని మైకిచ్చారు.

నిజం చెప్పాల్సింది అప్పుడే. ఇంట్లో ప్రసాద్‌కి ఏం చెప్పాలో కూడా తెలియదు. కానీ ఎదురుగా అంతమంది, చుట్టూ నిశ్శబ్దం, చేతిలో మైకు. అన్నాళ్లూ మోతలో కలిసిపోయిన మాటలన్నీ ఒక్కసారిగా తన్నుకొచ్చాయి. లారీ డ్రైవర్ల సాకుల్నీ క్యాంటీన్ టీనీ ఏకిపారేశాను. నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. వాళ్లలా నవ్వుతుంటే ఉద్యోగం పోతోందన్న సంగతే మర్చిపోయాను. నాకంత హాయిగా ఎన్నడూ లేదు.

ఓనరుగారి భార్య కళ్లు తుడుచుకుంటూ "వచ్చే నెల మా మనవరాలి ఓణీల ఫంక్షను. మైకు నువ్వే పట్టుకోవాలి" అన్నారు.

ఇప్పుడు పేట నుంచి ఒంగోలు దాకా ఫంక్షన్లకి యాంకర్ని నేనే. మధ్యలో కొన్నాళ్లు ఇంట్లో పచ్చి పులుసే గతైంది, అది వేరే సంగతి. ప్రసాద్ ఆ పులుసుని ఇప్పటికీ 'విశ్వాసం' అనే పిలుస్తాడు.

ఆ రోజు గేటు దాటుతుంటే రామారావుగారు వెనకే వచ్చారు. అటూ ఇటూ చూసి చెవిలో అన్నారు:

"అమ్మా, వచ్చే ఆదివారం ఆ మైకు నాకోసారి ఇప్పించకూడదూ? ఈ మిల్లు మానేయాలని నాకూ ఎప్పట్నుంచో ఉంది."

కాబట్టి పాఠకమహాశయులారా, ఆ శాలువా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. జరగని పనికి ఇంకెన్నడూ ముందే కృతజ్ఞతలు చెప్పను. చెప్పక తప్పకపోతే ముందు హారన్ వైరు పీకించి, తర్వాత ప్రసాద్‌నడిగి, ఆ పైనే దేవుడి దగ్గరికెళ్తాను.