బాపు చేతికి తెలిసిన నేను

మొన్న జడ్చర్ల బస్సులో వానకు తడిసిన గొంగడి కప్పుకుని ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. ఆ తడి బొచ్చు వాసన ముక్కుకు తగలగానే కోస్గి దగ్గరి మా ఊళ్లో, గొర్ల దొడ్డి ముందు, తొమ్మిదేండ్ల పిల్లనై నిలబడిపోయాను.

ఈనిన గొర్రె ముర్రుపాలతో అమ్మ కాచిన జున్ను, సీతాఫలాలు మగ్గేసిన గడ్డి, పెనం మీద పొంగే జొన్నరొట్టె, పొద్దు గూకేవేళ మంద తిరిగొస్తుంటే తల్లుల కోసం గొర్రెపిల్లలు పెట్టే గోల, అన్నీ ఉన్న ఇల్లే మాది. రాష్ట్రం వచ్చిన మరుసటేడు బాపు గొర్ల మేతకు మండలు కొడుతూ వేపచెట్టు మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలేదాకా. దవాఖాన నుంచి వచ్చిన బాపుకు అమ్మ ఒక్కతే గుర్తుంది. నేను లేను. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. "ఎవరి బిడ్డవమ్మా?" అని రోజుకు పదిసార్లు అడిగేవాడు, అదీ ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండేది.

అంతకన్నా మంట ఇంకోటి ఉంది. సాయంత్రం దొడ్డి తలుపు తీస్తే, తాను పడ్డాక పుట్టిన గొర్రెపిల్లలను కూడా ఒక్కటీ తప్పకుండా వాటి తల్లుల కిందికే వదిలేవాడు.

"ఎట్ల తెలుస్తది బాపు?"

"నాకేం ఎరుక బిడ్డా, చెయ్యి గట్ల పోతాంది."

మొన్న పుట్టిన పిల్లను నేర్చుకున్న చెయ్యి నన్నెందుకు నేర్చుకోదు? ఒక సాయంత్రం, సంకలో గొర్రెపిల్లతో, బాపు మళ్లీ ఎవరి బిడ్డవని అడిగాడు. ఆ కుడిచెయ్యి పట్టుకుని నెత్తురు వచ్చేలా కొరికాను.

తెల్లారేసరికి బాపుకు ఏమీ గుర్తులేదు. చేతి మీది గాటు చూసుకుని ముల్లు గీరిందేమో అనుకున్నాడు. కానీ నేను రొట్టె అందిస్తే, చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది బాపు?"

"ఏమో బిడ్డా. నువ్వు దగ్గరికొస్తే జర భయమైతాంది."

అమ్మ ఇస్తే తీసుకున్నాడు. బాపు నన్ను నేర్చుకున్నాడు! ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాత ఏండ్ల తరబడి పళ్లెం గడప దగ్గర పెట్టి దూరం జరిగేదాన్ని. తప్పయిందని ఎన్నిసార్లు ఏడ్చానో. "నువ్వేం చేసినవ్ బిడ్డా, ఊకో" అనేవాడు. ఏమీ తెలియని నోరు మన్నించేది, చెయ్యి మాత్రం మన్నించేది కాదు. ఆ రెంటి మధ్య నాకు కదలడానికి జాగా లేకపోయింది.

ఇప్పుడు మంద లేదు, అమ్మేశాం. దొడ్డి ఉన్న చోట రేకుల షెడ్డు లేచింది. పోయిన నెల పొరపాటున గడప దాటి రొట్టె అందిస్తే, బాపు బెదరకుండా నా చేతిలోంచే తీసుకుని మెల్లగా నమలసాగాడు. ఎన్నేండ్లుగానో కోరుకున్న రోజే అది. గోడ పక్కకు పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయనలో నాదని మిగిలింది ఆ భయమొక్కటే, అదీ పోయింది.